నీళ్ళు కలిపిన చేదు

నేను ఒక గోధుమరంగు గాజుసీసాని. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటాను. చూసినవాళ్ళు దగ్గుమందు సీసా అనుకుంటారు. అనుకుంటే నాకొచ్చిన నష్టమేమీ లేదు. నాతోపాటు కొలిమిలోంచి బయటపడ్డ తోబుట్టువుల్లో చాలామంది దగ్గుమందు సీసాలుగానే స్థిరపడ్డారు. నలుగురున్న ఇళ్ళకి వెళ్ళారు, వంటింటి అలమరల్లో పోపులడబ్బాల పక్కన చోటు సంపాదించుకున్నారు, ఖాళీ అయ్యాక కొబ్బరినూనె పోయించుకుని ఇంకో పదేళ్ళు బతికారు. నా రాత వేరుగా ఉంది.

ఇసుక కరిగించి, ఆ ఎర్రటి ముద్దని ఇనప అచ్చులో పడేసి, లోపలికి బుస్సుమని గాలి ఊదితే నేను పుట్టాను. ఊదింది మనిషి కూడా కాదు, యంత్రం. నాలో పోయబోయే దానికి వెలుతురు పడదని నాకు ఈ రంగు పులిమారు. పోసింది మార్ఫిన్. నల్లమందులోంచి తీసిన మందు. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది, నాలుక మీద పడితే చేదు.

పెద్దాసుపత్రి మందుల గదిలో మిగతా సీసాలన్నీ అరల మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ కూర్చుంటే, నన్ను మాత్రం ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. నేనేదో దొంగతనం చేసినట్టు! మనుషుల సంగతి ఏం చెప్పమంటారు. బాధలో ఉన్నవాడు నాకోసం ఏడుస్తాడు, బాధ లేనివాడు నా పేరు వింటేనే జడుసుకుంటాడు. ఆ బీరువా చీకట్లో చాలాకాలం ఉన్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పక్కనున్నది వెళ్ళిపోయేది, నేను మిగిలిపోయేదాన్ని. చివరికి ఒకరోజు పొద్దున డాక్టర్ హైమవతి చెయ్యి నా మీద పడింది.

ఆవిడ పని కాస్త విచిత్రమైనది. జబ్బు ఇక నయం కాదని తేలిపోయినవాళ్ళ ఇళ్ళకి తనే వెతుక్కుంటూ వెళ్తుంది. నయం చెయ్యడానికి కాదు, ఉన్నన్నాళ్ళూ మనిషిని కాస్త సుఖంగా ఉంచడానికి. నన్ను సంచిలో వేసుకుని కోనసీమలో కాలవగట్టు పక్కనున్న ఒక ఊళ్ళో దిగింది.

ఆ ఊళ్ళో ఇంటింటా పూతరేకులు తీస్తారు. పెరట్లో తాటాకుపాక, పాకలో బోర్లించిన కుండ, కుండ కింద కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. తినేవాళ్ళు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటారు. ఆ పొగ ఎవరు మింగారని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అలా పొగ మింగిన వాళ్ళలో అచ్చియమ్మ ఒకతె. పదేళ్ళప్పుడు కుండ ముందు కూర్చుంటే అరవై దాటాక లేచింది, అదీ ఇక ఊపిరాడక. చుట్ట కాదు, బీడీ కాదు, ఒంటికి ఒక్క చెడ్డ అలవాటు లేదు, కొబ్బరాకు పొగే ఆవిడ ఊపిరితిత్తుల్ని తినేసింది. దాని కన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. అచ్చియమ్మ ఆ పాకకంతటికీ నోరు. ఆరుగురు ఆడవాళ్ళు కుండల ముందు కూర్చుంటే అయిదుగురు వినేవాళ్ళు, మాట్లాడేది అచ్చియమ్మ. ఎవరి మొగుడు ఏ సంతలో ఏం కొన్నాడు, ఏ పెళ్ళిలో ఎవరు అలిగారు, అన్నీ యాక్షన్ చేసి మరీ చెప్పేదట. ఇప్పుడు ఆవిడకి పొగ తగలకూడదని వీధి గదిలోకి మార్చారు. పాకకీ ఆ గదికీ మధ్య ఒక్క పెరడే అడ్డం. అదే ఆవిడకి ఏడు సముద్రాలంత అయింది.

నేను వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద ముందుకి వంగి, ఒళ్ళో దిండు పెట్టుకుని, దానిమీద మోచేతులు ఆనించి కూర్చుని ఉంది. పడుకోలేదు. పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉంటుందట. మెడ దగ్గర గుంటలు పడి లేస్తున్నాయి. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"కూచో… అమ్మా… కాఫీ…" అంది డాక్టరుతో. ఆ మూడు ముక్కలకే కళ్ళు తేలేసింది.

ఇరుగుపొరుగు మొదట్లో బాగానే వచ్చారట. వచ్చి, "ఎలాగుందొదినా?" అనడం, ఆవిడ నోరు తెరవగానే "వద్దొద్దు, మాటాడకు, ఆయాసం" అనడం, కాసేపు ఫ్యాను వంక చూసి లేచిపోవడం. పాపం వాళ్ళ తప్పూ కాదు. కానీ మాట్లాడటమే బతుకైన మనిషిని మాట్లాడొద్దని జాలిపడితే ఇంకేం మిగులుతుంది? పాకలోంచి నవ్వులు వినిపించినప్పుడల్లా అచ్చియమ్మ తల అటు తిరిగేది. ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకోవడానికి కూడా ఆవిడ దగ్గర ఊపిరి లేదు. ఆవిడకి కావాల్సింది పెద్ద కోరికేమీ కాదు. ఒక్క మాట, మొదలుపెట్టిన చోటినుంచి చివరిదాకా, తెగకుండా చెప్పాలి. చెబితే ఎవరో ఒకరు వినాలి.

ఆ ఇంట్లో ఇంకో మనిషి తులశమ్మ. అచ్చియమ్మకి తోడికోడలు, వయసులో చిన్నది. అన్నదమ్ములిద్దరూ పోయారు, ఈ ఇద్దరాడవాళ్ళూ మిగిలారు. తోడికోడళ్ళంటే కత్తులు నూరుకోవాలని లోకం అంటుంది. వీళ్ళు నూరుకున్నారు కూడా, కానీ ఒకే కంచంలో తిన్నారు.

డాక్టర్ హైమవతి నన్ను బయటికి తీసి తులశమ్మతో నెమ్మదిగా చెప్పింది. "పీల్చే మందులు మానొద్దండి. అవి అలాగే వాడాలి. ఊపిరితిత్తులు మళ్ళీ కొత్తవి అవ్వవు, ఈ మందూ వాటిని బాగుచెయ్యదు. కానీ ఊపిరాడట్లేదు, ఆడట్లేదు అని లోపల పుట్టే ఆ కంగారుంది చూశారా, దాన్ని తగ్గిస్తుంది. చాలా కొంచెం ఇస్తున్నాను. ఈ పిచికారీకి సూది లేదు, ఈ గీతదాకా లాగి నోట్లో వెయ్యండి, పొద్దునా సాయంత్రం. మలబద్ధకం రాకుండా ఈ మాత్రలు కూడా. మొదట్లో కాస్త మత్తుగా ఉండొచ్చు. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను, చూద్దాం."

"ఏం మందండి ఇది?"

"మార్ఫిన్."

తులశమ్మ మొహంలో రంగు దిగిపోయింది. "ఆయ్, అలాగేనండి" అంది. ఆ 'ఆయ్' మనసులోంచి వచ్చింది కాదు. నన్ను తీసుకెళ్ళి మంచం తలవైపు గోడకున్న గూట్లో పెట్టి, చెక్కతలుపు వేసి తాళం పెట్టింది. మళ్ళీ నాకు చీకటే. కానీ ఈసారి తలుపు అవతల ఒక మనిషి ఎగశ్వాస వినిపిస్తూ ఉండేది, అదే తోడు.

రెండు పూటలు గడిచాయి, మూడు గడిచాయి. నేను పనిచేశాను. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ నిజంగానే పనిచేశాను. ఒకరోజు పొద్దున గూటి తలుపు తీసి ఉండగానే అచ్చియమ్మ అంది, "తులశమ్మా, గుండెల మీంచి ఎవరో రోలు దింపేరే." మధ్యలో ఎక్కడా తెగలేదు. ఆ పూట చేపలపులుసుతో నాలుగు ముద్దలు ఎక్కువ తింది. మధ్యాహ్నం దిండు పక్కకి తీసి, ఎన్నాళ్ళకో, పక్కకి తిరిగి పడుకుంది. పడుకుని హాయిగా నిద్రపోయింది.

కొంప ముంచింది ఆ నిద్రే.

తులశమ్మ పాకలోంచి చేతికి పిండిపాలతోనే వచ్చింది. గుమ్మంలో నిలబడి మంచం వంక చూసింది. తులశమ్మ మొగుడు సూరిబాబు గొంతు క్యాన్సరుతో పోయాడు. ఆఖర్న అతనికీ ఇలాంటి సీసాయే ఇచ్చారు. అతనూ ఇలాగే పక్కకి తిరిగి పడుకున్నాడు. మూడోనాడు లేవలేదు. తులశమ్మ ఒక్క పరుగున వచ్చి పిండి చేతుల్తోనే అచ్చియమ్మ భుజం పట్టి ఊపేసింది. "అక్కా! అక్కా! అక్కోయ్!"

"ఏంటే… పీడకలొచ్చిందా?" అంది అచ్చియమ్మ కళ్ళు తెరిచి.

"ఏం లేదు" అంది తులశమ్మ. కానీ వెంటనే నా గూటి వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

మర్నాడు నన్ను కొంగు కింద దాచుకుని పెరట్లోకి తీసుకుపోయింది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. రేకులు తీసేవాళ్ళు పొద్దస్తమానం చేసే పని ఒకటుంది. పిండిపాలు చిక్కబడితే రేకు మందమైపోతుంది, కాసిని నీళ్ళు పోస్తే సరి. ఇంకా మందమొస్తే ఇంకాసిని. ఆ చెయ్యి ఎన్ని వేలసార్లు పలచన చేసిందో లెక్కలేదు. మందు మానేద్దామంటే ఆవిడకి మనసొప్పలేదు, ఎందుకంటే అక్క రోలు దిగిందన్న మాట తన చెవులతో విన్నది. ఇద్దామంటే ధైర్యం చాల్లేదు. మరి పలచన చేస్తే పోలా! మందు మందుగానే ఉంటుంది, అందులో ఉన్న చావు విరిగిపోతుంది. ఆవిడ లెక్క అది. నన్ను అరటిచెట్టు మొదట్లో సగందాకా ఒంపేసి, కళ్ళు తుడుచుకుంటూ, బిందెలో మంచినీళ్ళతో నింపి మూత బిగించింది.

నేను అరిచి ఉండేదాన్ని. సీసాకి మూతి ఉంటుందే కానీ నోరుండదు.

ఆ సాయంత్రం పిచికారీ నోట్లో వేశాక అచ్చియమ్మ ఒక్క క్షణం నాలుక చప్పరించింది. తులశమ్మ ఎర్రబడ్డ కళ్ళ వంక చూసింది. మింగేసి, మంచినీళ్ళు ఇమ్మంది. అంతే. ఇంకో రెండు రోజులకి, ఇంకా కునుకు పడుతోందని తులశమ్మ మళ్ళీ పలచన చేసింది. తర్వాత మరోసారి. చివరికి నాలో మిగిలింది మందు కడిగిన నీళ్ళు.

రోలు మళ్ళీ గుండెల మీదికొచ్చింది. దిండు మళ్ళీ ఒళ్ళోకొచ్చింది. మాట మళ్ళీ ముక్కలైంది. పాకలో ఎవరో ఏదో అన్నారు, అందరూ గొల్లుమన్నారు, అచ్చియమ్మ తల అటు తిరిగింది, ఆగింది, మళ్ళీ దిండు మీదికి వాలింది. గూట్లో నేను, మంచం మీద ఆవిడ. ఒకరి పక్కన ఒకరం ఉండి ఒకరికొకరం అక్కరకు రాకుండా పోయాం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా గాజు చల్లబడుతుంది.

డాక్టర్ హైమవతి మళ్ళీ వచ్చింది. మంచం అంచున కూర్చుని నాడి చూసింది, ఛాతీ చూసింది, మొహం చిట్లించింది. "మొదట్లో బాగుందని ఫోన్లో చెప్పారు కదమ్మా? మరి ఇప్పుడేమైంది?"

తులశమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి గూటి వంక చూసింది.

"సరే, మోతాదు కాస్త పెంచి చూద్దాం" అని డాక్టరు సంచిలోంచి కొత్త సీసా తీసింది. నా సొంత తోబుట్టువే, అదే రంగు, అదే మూత. నాకు భయం వేసింది. నీళ్ళకి అలవాటుపడ్డ ఒంట్లోకి అసలు మందు, అదీ పెంచిన మోతాదులో పడితే ఏమవుతుంది? ఎవరికి తెలుసు? తెలిసిన నేను చెప్పలేను. చెప్పగల తులశమ్మ చెప్పదు.

అప్పుడు అచ్చియమ్మ చెయ్యి ఎత్తి అడ్డం ఊపింది. "ఒద్దమ్మా… ఆ మందు… నాకు… పడదు… మానెయ్యండి."

"నిజంగానే వద్దా?"

"ఒద్దు."

"బలవంతమేమీ లేదు. కొందరికి పనిచెయ్యదు" అంది డాక్టరు, మొహం మాత్రం చిన్నబోయింది. కొత్త సీసాని సంచిలో పెట్టేసింది. తర్వాత గూట్లోంచి నన్ను తీసి నా మూత బిగుతుగా ఉందో లేదో చూసి సంచిలో వేసుకుంది. అంతే, వెళ్ళిపోతున్నాం. తులశమ్మ కోరుకున్నది జరిగిపోయింది, చావుసీసా ఇల్లు దాటిపోతోంది. ఆవిడ మొహంలో ఆనందం ఉండాలి మరి! లేదు. మంచం మీద అక్క మెడ గుంటలు పడి లేవడం చూస్తోంది. ఇక ఇదే, ఈ ఊపిరాడకపోవడమే చివరిదాకా, ఈ ఒంటరి గదిలో.

సంచి జిప్పు లాగుతున్న చప్పుడికి తులశమ్మ దభాలున నేల మీద కూలబడింది. "నేనే కలిపేనండి! నీళ్ళు నేనే కలిపేనండి. మా ఆయన్ని తీసుకుపోయింది ఈ మందేనండి. అక్క నిద్దరోతే అలాగే అనిపించిందండి. పలచన చేస్తే ఏం కాదనుకున్నానండి బాబూ!"

డాక్టరు నన్ను బయటికి తీసి, సంచిలో ఉన్న కొత్త సీసా వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. కోపంతో అయితే కాదు. పెంచబోయిన మోతాదు గుర్తొచ్చి ఉంటుంది.

అచ్చియమ్మ మాత్రం ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "తెలుసే" అంది.

"ఏం తెలుసక్కా?"

"చేదు… పోయింది… ఆ సాయంత్రమే… తెలిసింది."

"మరి చెప్పలేదేం? అన్నాళ్ళు ఎందుకు తాగేవే?"

అచ్చియమ్మ దిండు మీద మోచేతులు సర్దుకుని, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి ఇచ్చుకుంటూ చెప్పింది. "చేదు తాగితే… నువ్వు… వొణికిపోతన్నావు. నీళ్ళు తాగితే… నేను… ఆయాసపడతన్నాను. ఇద్దర్లో… నాకు… అలవాటేగా."

తులశమ్మ అక్క పాదాల మీద మొహం పెట్టుకుని ఏడ్చింది, చిన్నపిల్లలాగా ఏడ్చింది. డాక్టర్ హైమవతి కుర్చీలోంచి లేచి నేల మీద ఆవిడ పక్కన కూర్చుంది.

"తులశమ్మగారూ, వాన పడేముందు చీమలు గుడ్లు మోసుకుంటూ పోతాయి కదా. చీమలు వాన తెచ్చాయంటామా?"

"అనమండి."

"మీ ఆయనకి ఈ మందిచ్చేసరికే ఆయన ఆఖరి రోజుల్లో ఉన్నారు. మందు ఆయన్ని తీసుకుపోలేదు. వెళ్ళేదారిలో నొప్పి తగ్గించింది. అక్కగారి సంగతి వేరు. మోతాదు ఏమీ పెంచను, మొదట ఇచ్చినంతే, ఆ గీతే. పడుకుంటే పడుకోనివ్వండి. పిలిస్తే లేచి మాట్లాడిందనుకోండి, భయం లేదు. ఎంత పిలిచినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా, ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యండి. నీళ్ళు మాత్రం కలపకండి."

"మళ్ళీ ముట్టుకుంటే నా చెయ్యి పడిపోద్దండి!"

"చెయ్యి పడిపోతే రేకులెవరు తీస్తారు" అంది డాక్టరు. నాలోని నీళ్ళమందుని తన దగ్గరున్న డబ్బాలోకి ఒంపేసి, నన్ను కడిగి, కిటికీలో బోర్లించి, "ఖాళీసీసా నాకు తిరిగివ్వాలి, వచ్చేసారి తీసుకెళ్తాను" అని వెళ్ళిపోయింది. గూట్లో నా చోటుకి నా తోబుట్టువు వెళ్ళింది. నాకు అసూయ కలగలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? నేను చెయ్యాల్సిన పని అది చేస్తోంది, నేను కిటికీలో ఎండకి ఎండుతున్నాను.

కానీ ఆ కిటికీలోంచే ఆ మధ్యాహ్నం చూశాను. కొత్త సీసా వచ్చిన మూడోనాడో నాలుగోనాడో. అచ్చియమ్మ పక్కకి తిరిగి పడుకుంది. తులశమ్మ పాకకి వెళ్ళకుండా మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. కాసేపు ఛాతీ వంక చూసింది. ఆగలేకపోయింది.

"అక్కా."

"ఊఁ?"

"ఏం లేదు. పడుకో."

మళ్ళీ కాసేపటికి, "అక్కా."

"ఏంటే?"

"లేదులే. పడుకో."

మూడోసారి "అక్కా" అనేసరికి అచ్చియమ్మ లేచి కూర్చుంది. "ఒసే తులశమ్మా, డాక్టరమ్మ పిలిస్తే పలకాలందని గంటకి నాలుగుసార్లు పిలుస్తా కూచుంటే నేను నిద్దరోయేదెప్పుడే, చచ్చేక ఎలాగూ నువ్వు పిలిచినా లేవను కదా, బతికున్నప్పుడన్నా కాసేపు పడుకోనివ్వవే తల్లీ!"

తులశమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. తెగలేదు. మొదలుపెట్టిన చోటినుంచి చివరిదాకా, ఎక్కడా తెగలేదు. అచ్చియమ్మకి కూడా ఒక్క క్షణం తర్వాత అది తెలిసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాస్త రొప్పింది, కానీ కళ్ళు తేలెయ్యలేదు.

పెరటి తలుపు దగ్గర అలికిడైంది. పాకలో ఆడవాళ్ళు, చేతులకి పిండిపాలతో, మోకాళ్ళమీద మసితో, గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. ఆ గొంతు విని కుండల మీద రేకులు మాడిపోతున్నా వదిలేసి వచ్చారు.

"ఏంటే అలా గుడ్లప్పగించి నిలబడ్డారు? రండి, కూచోండి. మొన్న దేనికే అంతలా నవ్వేరు? నాకు చెప్పందే కదలడానికి వీల్లేదు" అంది అచ్చియమ్మ. వాళ్ళు కూర్చున్నారు. ఎవరూ "మాటాడకొదినా" అనలేదు.

డాక్టరు వచ్చి నన్ను తీసుకుపోయేటప్పుడు అచ్చియమ్మ వాళ్ళతో ఏదో పెళ్ళి గొడవ చెబుతోంది, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంటోంది. నా వంక చూడలేదు. ఎందుకు చూస్తుంది?

ఇప్పుడు నేను ఆసుపత్రి వెనక గదిలో అట్టపెట్టెలో ఉన్నాను. తిరిగొచ్చిన ఖాళీసీసాలన్నీ ఇందులోనే పడేస్తారు, పెట్టె నిండితే గాజుముక్కలు కొనేవాడు వస్తాడు. ఇక్కడ మేమెవరం పెద్దగా మాట్లాడుకోం. మందు మిగిలుండగా తిరిగొచ్చి, ఇక్కడ ఒంపించుకుని పెట్టెలో పడే సీసాలుంటాయి. ఆ మనిషి పూర్తిగా తాగేదాకా ఉండలేదన్నమాట. అలాంటి సీసా వచ్చినప్పుడు మేము దాన్నేమీ అడగం, కాస్త జరిగి చోటిస్తాం. అచ్చియమ్మకి నయం కాదని నాకు తెలుసు. అందుకే పెట్టె మూత తెరుచుకున్న ప్రతిసారీ నేను బెదిరిపోయేదాన్ని.

నిన్న పొద్దున మూత తెరుచుకుంది. నా తోబుట్టువు వచ్చి నా పక్కన పడింది. ఒంటికి కొబ్బరాకు పొగ వాసన. నేను దాన్ని అడగలేదు, లోపలికి చూశాను. అడుగున ఒక్క చుక్క లేదు. అచ్చియమ్మ అంతా తాగేసింది.

"గూట్లోకి ఇంకోటి వెళ్ళింది" అంది నా తోబుట్టువు.